కాల్షియం నార్మల్ అయితే సరిపోయిందా?

మోకాళ్లు పట్టేసి, నడుం లేవనీయక తిరుపతికి వచ్చిన పల్లె ఆడమనిషి చేతిలో ఒక రిపోర్టు ఉంటుంది. కాల్షియం 9.2. పక్కన అచ్చేసిన హద్దు 8.5 నుంచి 10.5. "అంతా నార్మలే, వయసొచ్చింది గదా" అని పంపేస్తారు. "పొద్దస్తమానం ఎండలోనే ఉంటుంది, విటమిన్ డికి ఏం తక్కువ?" అంటాడు వెంట వచ్చిన కొడుకు. మన వైపు పాతుకుపోయిన ఈ రెండు మాటలూ తప్పే.

మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపుగింజంతేసి పారాథైరాయిడ్ గ్రంథులు, మామూలుగా నాలుగు, ఉంటాయి. రక్తంలో కాల్షియం రవ్వంత తగ్గితే చాలు, ఇవి హార్మోన్ వదులుతాయి. అది మూత్రంలో పోయే కాల్షియాన్ని ఆపుతుంది, విటమిన్ డిని పనిచేసే రూపంలోకి తెప్పిస్తుంది, ఎముకను కరిగించి రక్తంలో కలుపుతుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంది కాబట్టి ఈ తోడుకోవడం ఏళ్ల తరబడి సాగుతుంది. పొలం ముక్కముక్కగా అమ్మి వాయిదాలు కట్టే ఇంటికి బ్యాంకులో మంచి పేరే ఉంటుంది. 9.2 చెప్పేది ఆ పేరు గురించే, మిగిలిన పొలం గురించి కాదు.

ఇక ఎండ సంగతి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో సి.వి. హరినారాయణ్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా ఎండలో సేద్యం చేసేవాళ్లలోనూ 44 శాతం మందికి విటమిన్ డి లోపం ఉంది. పట్నంవాళ్లలో 62 శాతం. ఎండ మేలు చేసింది, కాదనను. చాల్లేదు, అంతే. పల్లెవాళ్ల తిండిలో కాల్షియం పట్నంవాళ్లకంటే తక్కువ. ఉన్నదాన్ని ఒంటికి పట్టనీయని ఫైటేట్ వాటా ఎక్కువ. కాల్షియం అందనప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి, విటమిన్ డి నిల్వ త్వరగా ఖర్చైపోతుంది. ఎండలో ఎంతసేపు నిలబడ్డా కంచంలో లేని లోటు తీరదు.

పాలకు పేరుపడ్డ ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇది చోద్యమే. ఆవును మేపేదీ, పేడ ఎత్తేదీ, పాలు పితికేదీ ఆ పల్లె ఆడమనిషే. క్యాను డెయిరీ వ్యానెక్కాక ఇంట్లో మిగిలేవి టీ నీళ్లలోకి. సంగటి ముద్ద ఉన్న చోటికి రేషన్ బియ్యం వచ్చింది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, తెల్లబియ్యంలో పదీ పరకా. రాగుల్లోనూ ఫైటేట్ ఉందంటారా? ఉంది. మొలకెత్తిస్తే, అంబలిగా పులియబెడితే తగ్గుతుంది.

అందరికీ హార్మోన్ పరీక్ష రాయమని నేననడం లేదు, ఖర్చు తక్కువేం కాదు. కాల్షియం మాత్రలు మింగేయమనీ అనను: ఒక గ్రంథిలో కణితి లేచి హార్మోన్ అదుపు తప్పితే రక్తంలో కాల్షియమే పెరుగుతుంది, కిడ్నీలో రాళ్లు పడతాయి, అలాంటివాళ్లకు ఆ మాత్రలు చేటు. కానీ ఏళ్లుగా నొప్పులతో, కింద కూర్చుంటే లేవలేని మనిషికి విటమిన్ డి, ఎముక సంగతి చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడకుండా, ఏం తింటున్నావమ్మా అని అడక్కుండా వయసు మీదికి నెట్టేయడాన్ని వైద్యం అనను. 2023లో సర్కారు బళ్లలో రాగిజావ మొదలైంది, గర్భిణులకు అంగన్‌వాడీలో పాలిస్తున్నారు. కాన్పులన్నీ అయిపోయిన ఆడమనిషిని మాత్రం, పాడి ఉన్న ఇంట్లో కూడా, నీకో గ్లాసు పాలు ఉంచుకున్నావా అని అడిగేవాళ్లు లేరు.