కొండ కింద ఊరు!

చుట్టూ నిలువెత్తు కొండలు. వాటి మీంచి దూకే జలపాతాలు. మధ్యలో ఆకుపచ్చటి నీళ్లు. ఒడ్డున ఓ చిన్న పల్లె... నార్వేలోని గైరాంగర్‌ ఫొటో చూస్తే ‘ఉంటే ఇలాంటి ఊళ్లో ఉండాలి’ అనిపిస్తుంది. అక్కడ ఉండేవాళ్లు మాత్రం ఓ కన్ను ఎప్పుడూ కొండ మీద వేసి ఉంచాల్సిందే!

మంచు నదులు కోసిన లోతైన లోయల్లోకి సముద్రం చొచ్చుకొస్తే ఏర్పడే పాయనే ఫియోర్డ్‌ అంటారు. 15 కిలోమీటర్ల పొడవున్న గైరాంగర్‌ ఫియోర్డ్‌కి చిట్టచివర ఉంటుందీ ఊరు. జనాభా మూడొందలు కూడా ఉండదు. వేసవిలో మాత్రం పెద్ద పెద్ద ఓడల్లో వచ్చే పర్యటకులతో కిటకిటలాడుతుంది. 2005లో యునెస్కో ఈ ఫియోర్డ్‌ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

గట్టు మీద కాపురాలు

ఓడలోంచి తలెత్తి చూస్తే కొండ అంచున అక్కడక్కడా పాత చెక్క ఇళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ రైతులు ఉండేవారు. రోడ్డు లేదు. పడవ దిగి, సామాన్లు వీపున మోసుకుంటూ నిట్టనిలువు దారిలో ఎక్కాల్సిందే. మేకల్ని మేపుకుంటూ, గడ్డి కోసుకుంటూ బతికేవారు. ఆటల్లో పడి లోయలోకి జారిపోతారేమోనని చిన్నపిల్లల్ని తాడుతో కట్టి ఉంచేవారట!

నీటికి దాదాపు 250 మీటర్ల ఎత్తులో ఉన్న స్కాగెఫ్లో అలాంటిదే. పన్ను వసూలుకు అధికారులు వస్తున్నారని తెలిస్తే దారిలో ఉన్న నిచ్చెనను పైకి లాగేసేవారని కథలుగా చెబుతారు. 1916లో ఆ ఇల్లు ఖాళీ అయింది. రాజు హరాల్డ్‌, రాణి సోన్యా 1993లో తమ పెళ్లిరోజు రజతోత్సవానికి ఈ గట్టుకే వచ్చారు. ఎదుటి ఒడ్డున ఉన్న క్నివ్స్‌ఫ్లో వాళ్లయితే పైనున్న రాళ్లు విరిగిపడతాయన్న భయంతో అంతకుముందే ఇల్లు వదిలేశారు.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1934 ఏప్రిల్‌ 7... తెల్లవారుజామున సుమారు మూడు గంటల సమయం. ఇదే ప్రాంతంలోని టాఫియోర్డ్‌లో కొండచరియ విరిగి నీళ్లలో పడింది. పడిన చోట అల 60 మీటర్లకు పైగా లేచింది. ఒడ్డునున్న రెండు ఊళ్ల మీద విరుచుకుపడి, నిద్రలో ఉన్నవాళ్లతో సహా 40 మందిని పొట్టన పెట్టుకుంది.

ఇప్పుడు అందరి కళ్లూ గైరాంగర్‌కి దగ్గర్లోని ఓకర్‌నెసెట్‌ కొండ మీదే ఉన్నాయి. దాని పైభాగంలో ఉన్న పగులు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున విచ్చుకుంటోంది. ఒక్కసారిగా కూలితే ఐదు కోట్ల ఘనపు మీటర్లకు పైగా రాయి నీళ్లలో పడొచ్చని నిపుణుల అంచనా. అదే జరిగితే అల గైరాంగర్‌ చేరడానికి పట్టేది పది నిమిషాలే! 2015లో వచ్చిన నార్వే సినిమా ‘బోల్గెన్‌’ కథ ఇదే.

అందుకే ఆ కొండకి రోగికి తగిలించినట్టు పరికరాలు తగిలించారు. రాడార్లూ సెన్సర్లూ రాత్రింబవళ్లు దాని కదలికల్ని కొలుస్తుంటాయి. ఇంత పెద్ద కొండ కూలేముందు కదలిక వేగం పెరుగుతుంది కాబట్టి, రోజుల ముందే ఊరు ఖాళీ చేయించొచ్చన్నది నిపుణుల నమ్మకం. ప్రమాదం ముంచుకొస్తే సైరన్లు మోగుతాయి. ఇళ్లను కాపాడటం ఎవరి చేతిలోనూ లేదు. 1934లోలా నిద్రలో ఎవరూ పోకూడదన్నదే ఈ జాగ్రత్తలన్నిటి ఉద్దేశం.