తిరస్కారమే తుది తీర్పా?

1962 జనవరి 1. ముందురోజు మంచు దారిలో లివర్‌పూల్ నుంచి సుదీర్ఘ ప్రయాణం చేసి లండన్ చేరిన నలుగురు యువకులు డెక్కా రికార్డు సంస్థ స్టూడియోలో 15 పాటలు వినిపించారు. బెరుకు గొంతులలో తెలిసిపోయింది. డెక్కా వారు వారిని కాదని, లండన్ సమీపానికి చెందిన బ్రయాన్ పూల్ బృందాన్ని ఎంచుకున్నారు. ఆ తిరస్కృతులే తరువాత లోకప్రసిద్ధులైన బీటిల్స్.

వారి మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ నిరాశతో చేతులు ముడుచుకోలేదు. మరిన్ని సంస్థల గడప తొక్కారు. చివరకు పార్లోఫోన్‌కు చెందిన జార్జ్ మార్టిన్ అవకాశమిచ్చారు. అదే సంవత్సరం అక్టోబరు 5న ఆ సంస్థ నుంచి వారి తొలి రికార్డు వెలువడింది.

ఇంతకన్నా గమనార్హమైనది మరొకటుంది. తమను వదులుకున్న డెక్కా అధికారి డిక్ రోకు 1963లో రోలింగ్ స్టోన్స్ అనే కొత్త బృందాన్ని గురించి చెప్పినవాడు బీటిల్స్‌లో ఒకరైన జార్జ్ హారిసనే! ఆయన మాట విని రో వారిని వెంటనే చేర్చుకున్నారు.

ప్రియ పాఠకులారా! పరీక్షలోనో, ఇంటర్వ్యూలోనో విఫలమై తలదించుకొని వచ్చిన బిడ్డను ఆ ఒక్కరోజుతో తూచకండి. లోపమెక్కడుందో ఓర్పుతో చూపండి, మరో గడపకు తోడుగా నడవండి. కాదన్నవారిపై కక్ష పెంచుకోకుండా బ్రతకడం కూడా నేర్పండి.