కారు షెడ్డులో అత్తయ్యగారి గది

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. పడకగదులన్నీ మేడమీదే. మెట్లమీద ఓసారి కాలు జారి, రెయిలింగు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. హాలు పక్కనున్న కారు షెడ్డును గదిగా మారిస్తే బావుంటుందని తెల్లారగానే మావారితో అన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, అత్తయ్యగారు మాత్రం "కారు పెట్టుకునే చోట నన్ను పెడతారుటే?" అన్నారు. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. ఆవిడన్నదీ తప్పుకాదు మరి.

ప్లానులో పార్కింగ్ అని చూపించిన చోటుని, మున్సిపాలిటీలో అడక్కుండా ముట్టుకోకండి. మాకు పక్క సందులో కారు పట్టే స్థలం ఉంది కాబట్టి, ప్లాను మార్చి గీయించి అనుమతి తెచ్చుకున్నాం. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ అయితే ఆ ఆలోచనే వొద్దు. అది అందరిదీను.

షెడ్డు నేల హాలుకన్నా అడుగున్నర పల్లం. పైగా కారు కడిగిన నీళ్ళు పోవడానికి గేటువైపు వాలు. అలాగే వదిలేస్తే వానాకాలం గదిలోకి నీళ్ళే! బాత్‌రూమ్ పైపుకి వాలు కావాలన్నా నేల ఎత్తు పెంచాల్సిందే. మేస్త్రి ఒక్కరోజులో మట్టి నింపేసి పైన కాంక్రీటు వేసేశాడు. నెల తిరక్కుండానే బాత్‌రూమ్ దగ్గర టైల్స్ కుంగిపోయాయి. అన్నీ పీకించి, మట్టి జానెడు జానెడు పొరలుగా పోయించి, నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టించాం. ఖర్చు రెండింతలు. మట్టి పోసేరోజు మీరు దగ్గరుండి చూసుకోండమ్మా, వంట ఓ పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

షట్టరు తీసినచోట నాలుగున్నర అంగుళాల గోడ చాలన్నాడతను. అది పడమటి ఎండ. నేను తొమ్మిదంగుళాలకే పట్టుబట్టాను. అందులోనే పెద్ద కిటికీ, ఎదుటి గోడకి వెంటిలేటరు పెట్టించాం. హాల్లోంచి గడప లేకుండా ఏటవాలుగా దారి, వాకరు పట్టేలా మూడడుగుల తలుపు, బాత్‌రూమ్‌లో గరుకు టైల్స్, కమోడ్ పక్కన పట్టుకోడానికి స్టీలు రాడ్డు. లైటు స్విచ్చి మంచంమీంచి చేతికందాలి. ఇది మేం మరిచిపోయి, తర్వాత గోడ కొట్టించాం.

అత్తయ్యగారు వారం రోజులు ముభావంగానే ఉన్నారు. ఓ పొద్దున కిటికీలోంచి "ఏమే, వంకాయలు కిలో ఎంత?" అని కేక వినిపించింది. ఇప్పుడు కూరల బేరం మొత్తం ఆవిడదే. బండబ్బాయి గేటు దగ్గరికి రావడం మానేసి, తిన్నగా కిటికీ దగ్గరే ఆపుతున్నాడు.

కారు మాత్రం సందులో బాదంచెట్టు కింద ఉంటోంది. కాకులు చేసే నిర్వాకానికి మావారు రోజూ దాన్ని కడుక్కుంటూ, నావైపు ఓ చూపు చూస్తారు. నేను చూడనట్టే లోపలికి వచ్చేస్తాను.