తొంభై తొమ్మిది మంది ఉన్న గూడెం

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల నుంచి డోలీ వార్త వినకుండా మనకు వర్షాకాలం గడవదు. నొప్పులు పడుతున్న గర్భిణిని కర్రకు కట్టిన దుప్పటిలో కూర్చోబెట్టి, భుజాల మీద మోసుకుంటూ, వాగులు దాటించి, అంబులెన్సు రాగలిగిన చోటికి చేరుస్తారు. ఫోనులో ఆ వీడియో చూసి అయ్యో అనుకుంటాం. ఆ ఊరికి ఇంకా రోడ్డు ఎందుకు లేదని మాత్రం అడగం.

ఒక కారణం తలల లెక్క. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజునే మొదలైంది. మైదానంలో 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి రోడ్డు వేయాలన్నది దాని నియమం. 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన నాలుగో దశలో నక్సల్ ప్రభావిత జిల్లాలకైతే 100 మంది ఉన్నా చాలన్నారు. ఈ దశలో దేశమంతటా 25 వేల ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నది లక్ష్యం.

ఇది మంచి పని. దీన్ని మేము తక్కువ చేయడం లేదు. ఉన్న సొమ్మును ఎక్కువ మందికి మేలు జరిగే చోట ముందుగా ఖర్చు చేయాలని ఏ ప్రభుత్వమైనా అనుకుంటుంది. అయితే ఈ పథకానికి ఆధారం 2011 నాటి జనాభా లెక్కలు. ఆ లెక్కల్లో 99 మంది ఉన్న గూడెం మాటేమిటి? రోడ్డు లేక పంటకు ధర రాదు, పిల్లలకు బడి అందదు. ఒక్కో కుటుంబం కొండ దిగిపోతుంది. జనం తగ్గేకొద్దీ రోడ్డు ఇంకా దూరమౌతుంది. మహిళలకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో వచ్చింది. బస్సే రాని ఊళ్లోని చెల్లెలికి దాని వల్ల కలిగిన మేలేమిటి?

నూరు గొర్రెల ఉపమానం మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. పథకానికి నూరు నిండాలి. మంచి కాపరి ఒక్కదాని కోసమే కొండలెక్కాడు. మరి సంఘాలుగా మనం ఎవరి లెక్క పాటిస్తున్నాం? కూటాలు జనం వచ్చే చోటే పెడుతున్నాం. మన పరిచర్య చాలాసార్లు మోటారు సైకిల్ ఆగే చోటే ఆగిపోతోంది. ఈ తప్పు ముందుగా మేమే ఒప్పుకుంటున్నాం.

ఇప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. పదహారేళ్ల తరువాత, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కింపు జరగనుంది. మిరప కోతలకు, ఇటుక బట్టీలకు పేదలు వలస వెళ్లే కాలమది. లెక్కింపు రోజులన్నీ ఊళ్లో లేనివారిని వారున్న చోటే లెక్కిస్తారు. ఆ రోజుల్లో వీలైతే ఒక్కసారైనా ఇంటికి రమ్మని సంఘ పెద్దలు ముందుగానే కబురు చేయాలి. లేనివారి పేర్లు రాయించమని మేము చెప్పడం లేదు. ఉన్న ఒక్క ప్రాణమూ లెక్క తప్పిపోకూడదు. అలాగే, కొండ ప్రాంతాల్లో ఒకటిన్నర కిలోమీటరు లోపు ఉన్న గూడేలను కలిపి లెక్కించే నియమం ఈ పథకంలో ఉంది. గ్రామసభలో ఆ మాట అడగడానికి మన కాపరులు తోడు వెళ్లాలి.

రోడ్డు వచ్చేలోపు కాన్పులు ఆగవు. రోడ్డు పక్కనున్న సంఘాలు, నెలలు నిండిన తల్లికి కొన్ని వారాల ముందే ఒక గది ఇవ్వగలవు. జనసంఖ్యలో పేరు రాయించుకోవడానికే కదా, నిండు గర్భిణి మరియ నజరేతు నుంచి బేత్లెహేము దాకా వెళ్లింది. అక్కడ సత్రంలో ఆమెకు స్థలం దొరకలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఆ సంగతి చెప్పుకుని బాధపడే మనం, కొండ దిగివచ్చే చెల్లెలికి మన ఇంట స్థలం ఉంచుదాం.