నియ్యత్ తూచే తరాజు ఎవరి చేతిలో ఉంది?

మొన్న జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల మీద ఒక బుజుర్గ్ ఓ పిల్లాడిని నిలబెట్టి కడిగేశారు. వాడికి పదకొండేళ్ళు. ఖిరాత్ పోటీలో గెలిచి సైకిల్ తెచ్చుకున్నాడు. "సైకిల్ కోసం చదివావురా, అల్లాహ్ కోసం కాదు. ఇది రియా" అన్నారాయన. పిల్లాడి మొహం మాడిపోయింది. పక్కనున్న మేమెవరం నోరు తెరవలేదు. ఆ రోజు అనాల్సిన మాట ఇవాళ అంటున్నా.

అమల్‌కు నియ్యతే బునియాద్. దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ ఎదుటివాడి దిల్‌లో ఏముందో తరాజు పెట్టి తూచేవాళ్ళతో. ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. యూదుల ఉలమాలు దీని మీద పదిహేను వందల ఏళ్ళకు పైగా బహస్ చేస్తున్నారు. "యూదుల కితాబులతో మనకేం పని" అని మొహం చిట్లించేవాళ్ళు కాస్త సబర్ పట్టండి.

తౌరాత్ ఇల్మ్‌ను ఆ ఇల్మ్ కోసమే నేర్చుకోవడాన్ని వాళ్ళు 'లిష్మా' అంటారు. పేరు కోసమో, పైసా కోసమో, కుర్చీ కోసమో చదివితే 'షెలో లిష్మా'. ఖాలిస్ నియ్యత్ లేకపోయినా చదువు మానొద్దు, చదవగా చదవగా నియ్యత్ ఖాలిస్ అవుతుందని తల్మూద్‌లో ఒకచోట రవ్ అనే ఉస్తాద్ పేరు మీద ఉంది. అదే తల్మూద్‌లో ఇంకోచోట రవా అనే ఆయన, అలాంటివాడు అసలు పుట్టకపోయినా బాగుండేదనేశారు. ఒకే కితాబు, రెండు ఫైసలాలు! మా బుజుర్గ్ సాబ్ అయితే రెండోదే పట్టుకుపోయేవారు.

మధ్యయుగాల్లో ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాల ఉస్తాద్‌లు 'తొసాఫొత్' అనే షరహ్‌లో ఈ ముడి విప్పారు. పేరు కోసం చదివేవాడు వేరు, తోటివాళ్ళను సతాయించడానికి చదివేవాడు వేరు. ఆ కఠినమైన మాట ఈ రెండోవాడికి. అంటే సైకిల్ ఆశపడ్డ పిల్లాడికి కాదు భాయ్! నాలుగు ఆయత్‌లు, పది హదీస్‌లు జేబులో వేసుకుని నలుగురిలో ఎవరిని జలీల్ చేద్దామా అని తిరిగేవాళ్ళకు. వాళ్ళు మన ఏ మొహల్లాలో లేరు, ఏ మస్లక్‌లో లేరు?

ఇక మూసా బిన్ మైమూన్ సంగతి. ఖుర్తుబాలో పుట్టి, మిస్ర్‌లోని ఫుస్తాత్‌లో స్థిరపడి, సలాహుద్దీన్ అయ్యూబీ దర్బారు పెద్దలకు హకీమ్‌గా పనిచేసిన యూదు ఆలిమ్. మిష్నాకు ఆయన షరహ్ 1168లో పూర్తయింది. హీబ్రూ అక్షరాల్లో రాశాడుగానీ జబాన్ మన అరబ్బీయే. చిన్న పిల్లాడికి అంజీర్ పళ్ళో చక్కెర ముక్కో పెట్టి చదివిస్తారట. కాస్త ఎదిగాక అదే పిల్లాడు మంచి జోళ్ళకు ఆశపడతాడు, తర్వాత దీనార్‌లకు, ఆ తర్వాత ఖాజీ కావాలనీ, జనం తనను చూసి లేచి నిలబడాలనీ. ఇవన్నీ తక్కువ స్థాయి ఆశలేనని ఆయనే అంటాడు. అయినా మనిషి కమ్‌జోర్ కాబట్టి పంతుళ్ళు ఆ దారి పట్టక తప్పదంటాడు. చివరికి హఖ్‌ను హఖ్ కోసమే నేర్చుకునే చోటికి చేరాలి. అక్కడికి వెళ్ళే దారిలో మన వాడి సైకిల్ కూడా ఒక మెట్టే.

ఒక్క విషయంలో ఆయనతో నాకు జగడం ఉంది. దీనీ ఇల్మ్‌ను జీవనాధారం చేసుకుని జనం సొమ్ము మీద బతికేవాళ్ళను ఆయన గట్టిగా తిట్టాడు. తానేమో తమ్ముడు దావూద్ తిజారత్ చేసి ఇల్లు నడుపుతుంటే నిశ్చింతగా కితాబు రాశాడు. ఆ తమ్ముడు హిందూ మహాసముద్రంలో మునిగిపోయాకే వైద్యం బతుకుతెరువైంది. పదహారో శతాబ్దంలో యూసుఫ్ కారో ఆయనకు జవాబు రాశాడు: గుజారా లేకపోతే చదివేవాళ్ళే మిగలరు, ఇల్మే మాయమవుతుందని. నేను కారో పక్షం.

నా సంగతీ చెప్పుకోవాలి. ఉర్దూ మీడియంలో చదివిన నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నది ఇష్టంతో కాదు, నౌకరీ కోసం. మొదటి సాలంతా ఛందస్సు నాకు సజా. మూడో సాలుకు పరీక్షలో రాని పద్యాలు కూడా వెతుక్కుని చదువుతున్నా. ఆ మార్పు ఏ రోజు వచ్చిందని అడిగితే చెప్పలేను. మొదటి రోజే ఎవరైనా నా నియ్యత్ తూచి ఉంటే నన్ను క్లాసులోంచి గెంటేసేవాళ్ళు. 1803లో వొలోజిన్‌లో పెద్ద మద్రసా పెట్టిన రబ్బీ హయీమ్ కూడా ఇదే అన్నాడు: నేల మీంచి మిద్దె మీదికి నిచ్చెన లేకుండా ఎవరూ ఎక్కలేరు, కింది మెట్టు మీద ఉన్నవాడిని హీనంగా చూడొద్దని.

అసలు ఇఖ్లాస్ అడిగే హక్కు మనకెంత ఉంది? ఇమామ్ సాబ్ తన్‌ఖా పెంచమంటే "దీన్ ఖిద్మత్‌కు పైసలేంటి" అంటాం. ఆయన ఇంటి కిరాయి, పిల్లల ఫీజు ఇఖ్లాస్‌తో కట్టుకోవాలి కాబోలు. ఆ రోజు మెట్ల మీద మాట్లాడిన బుజుర్గ్ మా మస్జిద్ కమిటీలో పెద్ద. ఇవాళ పన్నెండో తారీఖు. ఇమామ్ సాబ్‌కు ఈ నెల తన్‌ఖా ఇంకా అందలేదు.