గళ్ల కాగితంపై గుండె గీత

ఈసీజీ రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ ఆ గళ్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఎగుడుదిగుడు గీత తప్ప ఏమీ బోధపడదు. పైన 'నార్మల్' అని కనిపిస్తే చాలు, మడిచి బీరువాలో పెట్టేస్తారు. నిజానికి ఆ గీత మరీ బ్రహ్మవిద్యేం కాదు.

ముందు గళ్ల సంగతి. అడ్డంగా ఒక చిన్న గడి అంటే 0.04 సెకను. అలాంటివి అయిదు కలిస్తే పెద్ద గడి... 0.2 సెకను.

గుండె కుడివైపు పై గదిలో ఉండే చిన్న కణాల గుంపులో మొదట విద్యుత్తు పుడుతుంది. అది పై గదులు రెండింటికీ పాకినప్పుడు కాగితం మీద చిన్న గుట్టలా కనిపించేదే 'పి' తరంగం. తర్వాత గీత కాసేపు చదునుగా సాగుతుంది. ఏమీ జరగడం లేదనుకుంటాం గానీ అసలు చమత్కారం అక్కడే ఉంది. కింది గదులకు వెళ్లే దారిలో విద్యుత్తు కాస్త నెమ్మదిస్తుంది. పైనున్న రక్తం కిందికి దిగేందుకు వ్యవధి కావాలి కదా మరి! 'పి' మొదలు నుంచి తర్వాతి తరంగం మొదలయ్యే దాకా మూడు నుంచి అయిదు చిన్న గళ్లు ఉంటే మామూలే.

అప్పుడొస్తుంది నిటారు శిఖరం... 'క్యూఆర్ఎస్'. కింది గదుల్లో కండ ఎక్కువ కాబట్టి శిఖరమూ పెద్దదే. అయినా మూడు చిన్న గళ్లలోపే ముగిసిపోవాలి. చివర్లో గుండ్రంగా లేచే 'టి' తరంగం, కింది గదులు మరో స్పందనకు సిద్ధమవుతున్నాయనడానికి గుర్తు. ఈ అక్షరాలు పెట్టింది నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఐంథోవెన్. 1924లో నోబెల్ అందుకున్నారాయన. అప్పట్లో ఈసీజీ తీయాలంటే చేతులూ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చోవాల్సిందే!

గుండె లయ సరిగా ఉంటే, రెండు శిఖరాల మధ్య పెద్ద గళ్లను లెక్కపెట్టి 300ను దాంతో భాగించండి. నాలుగు గళ్లుంటే నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటోందన్నమాట. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో 60 నుంచి 100 వరకూ మామూలే.

'క్యూఆర్ఎస్'కీ 'టి'కీ మధ్య గీత దాదాపు చదునుగా ఉండాలి. గుండెపోటులో అది పైకి లేవొచ్చు, కిందికి దిగొచ్చు. చిక్కేమిటంటే, పోటు మొదలైన తొలి గంటల్లో ఈసీజీ నార్మల్‌గానే రావచ్చు. 'గ్యాస్ నొప్పిలే' అనుకుంటూ ఇంటికి బయల్దేరేది అప్పుడే. నొప్పి తగ్గకపోయినా, చెమటలు పడుతున్నా ఆసుపత్రిలోనే ఉండాలి. డాక్టర్లు కాసేపాగి మళ్లీ ఈసీజీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు.

బీరువాలోని పాత ఈసీజీ కూడా అప్పుడు అక్కరకొస్తుంది. కొత్తదాన్ని దాంతో పోల్చి చూస్తారు. కాకపోతే ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతుంటాయి. ముందే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.