కింద కొట్టు... పైన ఇల్లు!

సాయంత్రం ఏడున్నర. కుక్కర్లో పప్పు ఉడికింది. తాలింపు కోసం పోపుల పెట్టె తెరిస్తే... ఇంగువ లేదు! ‘‘చిన్నా, కిందికెళ్లి అంకుల్‌నడిగి ఇంగువ డబ్బా పట్రా. డబ్బులు డాడీ వచ్చాక ఇస్తారని చెప్పు’’ అని కేకేసింది అమ్మ. పిల్లాడు లిఫ్టు కోసం ఆగలేదు. రెండేసి మెట్లు దూకుతూ వెళ్లాడు. నూనె కాగేలోపు తిరిగొచ్చేశాడు. ఒక చేతిలో ఇంగువ, రెండో చేతిలో చాక్లెట్. డబ్బులే ఇవ్వలేదు కాబట్టి అది చిల్లరకు బదులిచ్చింది కాదు, కొసరు!

అమీర్‌పేట, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి... హైదరాబాద్‌లో జనం కిక్కిరిసి ఉండే ఏ పేటకైనా వెళ్లండి. ఇరుకు వీధి. అటూ ఇటూ నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు. వాటి కింద వరసగా షట్టర్లు. ఓ మెడికల్ షాపు, ఓ కర్రీ పాయింట్, ఓ టైలరు... వాటి మధ్య ఉండనే ఉంటుంది కిరాణా కొట్టు. పట్టుమని పదడుగుల వెడల్పుండదు. కానీ అందులో లేనిది లేదు. కందిపప్పు బస్తా నుంచి కర్పూరం బిళ్లల దాకా, పాల ప్యాకెట్ నుంచి పరీక్షకు కావాల్సిన గ్రాఫ్ పేపర్ల దాకా అన్నీ దొరుకుతాయి.

సరుకులొక్కటేనా?

పైన కాపురాలుండేవాళ్లలో ఒక్కొక్కరికీ ఆ కొట్టు ఒక్కో రకంగా అవసరం. హాస్టల్ కుర్రాళ్లకు అది అర్ధరాత్రి ఆకలి తీర్చే చోటు. ‘అన్నా, రెండు గుడ్లు, ఓ బ్రెడ్డు’ అంటే చాలు. వాచ్‌మన్ కుటుంబానికి ఏ పూటకాపూట కొనుక్కునే అరకిలో బియ్యం, పది రూపాయల నూనె అక్కడే. మోకాళ్ల నొప్పులతో కిందికి దిగలేని మూడో అంతస్తు బామ్మగారు బాల్కనీలోంచి తాడు కట్టిన సంచీ వదులుతారు. అందులో డబ్బులూ, చీటీ ఉంటాయి. కాసేపటికి అదే సంచీలో కొత్తిమీర కట్ట, పాల ప్యాకెట్ పైకెళ్తాయి.

ఉద్యోగాలకెళ్లే ఆలుమగలు తాళాలు ఎక్కడ ఇచ్చి వెళ్తారు? కింద కొట్లో. బడి నుంచి ముందుగా వచ్చిన పిల్లాడు ఎక్కడ కూర్చుంటాడు? కొట్టు ముందు స్టూలు మీద. కొరియర్ కుర్రాడు ఫోన్ చేస్తే ‘కింద కిరాణా షాపులో ఇచ్చేయండి’ అంటారు. తమాషా ఏంటంటే, ఆ కొట్టుకు పోటీగా వచ్చిన ఆన్‌లైన్ కంపెనీల పార్శిళ్లను కూడా భద్రంగా దాచిపెట్టేది ఆ కొట్టాయనే. దానికి కమీషన్ లేదు, రశీదూ లేదు.

ఈ సంగతిని అరవై ఏళ్ల కిందటే ఓ అమెరికన్ రచయిత్రి గట్టిగా చెప్పారు. పేరు జేన్ జేకబ్స్. న్యూయార్క్ గ్రీన్‌విచ్ విలేజ్‌లోని హడ్సన్ స్ట్రీట్‌లో ఉండేవారు. 1961లో వచ్చిన ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’ పుస్తకంలో తమ వీధిలోని తినుబండారాల కొట్టు గురించి రాశారు. చుట్టుపక్కలవాళ్లు ఊరెళ్తూ ఇంటి తాళాలు ఆ కొట్టు యజమానికే ఇచ్చేవారట. ఇళ్లూ కొట్లూ కలిసున్న వీధిలో ఎవరో ఒకరి చూపు ఎప్పుడూ రోడ్డు మీద ఉంటుందనీ, వీధికి అదే పెద్ద రక్షణ అనీ ఆమె వాదన. అక్కడి కథ చదువుతుంటే చిక్కడపల్లి కథే చదువుతున్నట్టుంటుంది!

ఈ కాపురం ఈనాటిది కాదు

కింద దుకాణం, పైన నివాసం మన ఊళ్లకు కొత్తేం కాదు. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని బాగుచేయడానికి ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టిలో రాతి కమానుల వరుస కట్టించింది. కింద దుకాణాలు, పైన ఇళ్లు. నేటికీ ఆ కమానుల కింద వ్యాపారం నడుస్తూనే ఉంది.

అపార్ట్‌మెంట్లు పెరిగాక అదే పద్ధతి మరో రూపంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వీటికోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1987లో. పెంకుటిల్లో, డాబా ఇల్లో ఉన్న స్థలాన్ని యజమాని బిల్డరుకు డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం, తన వాటా కింద రెండు మూడు ఫ్లాట్లతో పాటు రోడ్డు వైపు మడిగెలు తీసుకోవడం మామూలైపోయింది. ఫ్లాటు అద్దెకన్నా మడిగె అద్దె ఎక్కువ వస్తుంది మరి. అలా పైన ఇరవై కాపురాలు, కింద నాలుగు షట్టర్లు అన్న లెక్క కుదిరింది. ఆ ఇరవై కాపురాలకు పక్క భవనాలు కలిస్తే ఒక్క వీధిలోనే రెండు మూడొందల వంటిళ్లు! కొట్టు పెట్టేవాడికి అంతకన్నా ఏం కావాలి?

గల్లాపెట్టె లెక్క

బయటి నుంచి చూస్తే ‘వాడికేం, కూర్చుని సంపాదిస్తున్నాడు’ అనిపిస్తుంది. లోపలి లెక్క వేరు. కంపెనీ సరుకు మీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది. దాన్ని దాటి ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. అందులోంచి డిస్ట్రిబ్యూటర్ వాటా పోగా మిగిలేది కొంచెమే. పాల ప్యాకెట్ మీద మరీ తక్కువ. పాలు అమ్మేది లాభానికి కాదు, పొద్దున్నే మనిషి కొట్టుకు రావడానికి. బేగంబజార్ నుంచి బస్తాల్లో తెచ్చుకునే పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం... వీటి మీదే నాలుగు డబ్బులు మిగిలేది. ఆ పైన మడిగె అద్దె, కమర్షియల్ మీటరు బిల్లు, పనికుర్రాడి జీతం. ఎక్కువ కొట్లు నిలబడ్డాయంటే కారణం భార్యాభర్తలిద్దరూ జీతం లేకుండా పద్నాలుగేసి గంటలు నిలబడటమే.

మరి ఆ పప్పులూ, చింతపండూ ఎప్పుడు అమ్ముడవుతాయి? ఒకటో తారీఖు తర్వాత వచ్చే నెల సరుకుల చీటీలో! అసలు విషయం ఇదే. ఇంగువ డబ్బా, కరివేపాకు రెబ్బ, అగ్గిపెట్టె... ఇవి కొట్టుకు సందడి తెస్తాయి. అద్దె కట్టేది మాత్రం నెల చీటీ. ఆ చీటీ వేరే చోటికి వెళ్లిపోయి, మర్చిపోయిన సరుకులు మాత్రమే కింద కొట్టుకు మిగిలితే గల్లాపెట్టె మోగుతూనే ఉంటుంది, కానీ నిండదు.

తట్టుకున్నది... తట్టుకోలేనిది

కింద కొట్టుకు గండాలు కొత్త కాదు. హైదరాబాద్‌లో త్రినేత్ర సూపర్‌మార్కెట్ 1986లోనే మొదలైంది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరిచింది ఈ నగరంలోనే. ‘ఇక కిరాణా కొట్ల పని అయిపోయింది’ అన్నారంతా. చివరికేమైంది? 2007లో త్రినేత్ర బిర్లాల చేతికి వెళ్లింది. వీధివీధినా వెలిసిన సుభిక్ష 2009లో మూతపడింది. వీధి చివరి సేటు మాత్రం కదల్లేదు. కారణం... ఖాతా పుస్తకం, కొసరు, నడిచి వెళ్లేంత దగ్గర.

2016 నవంబరు 8 రాత్రి పాత అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఏటీఎంల ముందు క్యూలు పెరిగాయి. ఆ నెల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది సేటు పుస్తకంలో రాసిన పద్దుతోనే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడైతే చెప్పనక్కర్లేదు. యాప్‌లలో డెలివరీ స్లాట్లు దొరకలేదు. పెద్ద దుకాణానికి వెళ్లాలంటే పోలీసు చెక్‌పోస్టు. అప్పుడు కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి, ఏళ్ల తరబడి కింద కొట్టు ముఖం చూడనివాళ్లు కూడా నెల చీటీ ఇచ్చారు. కరోనా తగ్గింది. చీటీ మళ్లీ వెళ్లిపోయింది!

ఇప్పుడొచ్చింది మరో రకం పోటీ. నిమిషాల్లో డెలివరీ ఇచ్చే యాప్‌లు. సూపర్‌మార్కెట్ పట్టుకుపోయింది నెల చీటీనే. ఈ యాప్‌లు ఇంగువ డబ్బాను కూడా పట్టుకుపోతున్నాయి. ఆ యాప్‌ల గిడ్డంగులు ఉండేదీ ఇలాంటి ఇరుకు వీధుల్లోనే. ‘డార్క్ స్టోర్’ అంటారు. లోపల సరుకుంటుంది, కానీ కొనేవాళ్లు లోపలికి వెళ్లరు. బయట వరసగా బైకులు. ఆ కుర్రాళ్లకు వీధి మీద కాసేపు నిలబడి చూసే తీరికెక్కడిది? బామ్మగారి సంచీకి అక్కడ అందుకునే చెయ్యి లేదు. వాచ్‌మన్‌కి పద్దు లేదు. తాళం చెవి ఇచ్చే చోటు అసలే లేదు.

పోగొట్టుకున్నాక...

కొట్లు పోతే ఏమవుతుందో చూడాలంటే జేన్ జేకబ్స్ ఊరికే మళ్లీ వెళ్లాలి. న్యూయార్క్‌లో కొన్ని పేటల్లో తాజా కూరగాయలు, పాలు, పళ్లు అమ్మే దుకాణాలే కరవయ్యాయి. ముఖ్యంగా పేదలు ఎక్కువగా ఉండే చోట్ల. చివరికి నగర పాలకులు 2009లో ‘ఫ్రెష్’ అనే పథకం పెట్టాల్సి వచ్చింది. బిల్డరు తన భవనం కింద కిరాణా దుకాణానికి చోటిస్తే, ఆ దుకాణం ఎన్ని చదరపుటడుగులుంటే అంత మేర పైన అదనంగా ఇళ్లు కట్టుకోవచ్చు. గరిష్ఠంగా ఇరవై వేల చదరపుటడుగులు. 2021లో ఈ పథకాన్ని మరిన్ని పేటలకు విస్తరించారు. అంటే మన వీధుల్లో ఎవరూ అడక్కుండానే వెలిసిన ఏర్పాటు కోసం అక్కడ బిల్డర్లకు తాయిలం ఇవ్వాల్సి వస్తోందన్నమాట!

కొట్టు తప్పులూ ఉన్నాయి

అలాగని కింద కొట్టు అన్నింటా గొప్పదేం కాదు. పొద్దున్నే సరుకు ఆటో అడ్డంగా ఆగుతుంది. అట్టపెట్టెలు మెట్ల దాకా పాకుతాయి. ఎలుకలు, బొద్దింకలు పై అంతస్తులకూ చుట్టాలవుతాయి. పార్కింగ్ కోసం వదిలిన జాగాను గోడౌన్ చేసేవాళ్లూ ఉన్నారు. కూల్‌డ్రింకు చల్లగా ఇచ్చినందుకు ఎమ్మార్పీ మీద అదనంగా అడిగేవాళ్లూ ఉన్నారు. అది చట్టం ఒప్పుకోదు.

ఇళ్ల కింద ఏం నిల్వ చేస్తున్నారన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న ఓ అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో అంటుకున్న మంట రసాయనాల డ్రమ్ములకు పాకింది. పొగ పైకెగసి తొమ్మిది మంది చనిపోయారు. అది కిరాణా కొట్టు కాదు నిజమే. కానీ పాఠం అందరికీ ఒకటే. మెట్లదారి, పార్కింగ్ జాగా ఖాళీగా ఉండాలి. మండే సరుకు ఇళ్ల కింద పేరుకోకూడదు. ఈ మాట అడిగే హక్కు పైవాళ్లకుంది. అడిగితే వినేంత దగ్గరలో కొట్టాయన ఉన్నాడు కూడా. యాప్‌లో ఫిర్యాదు చేస్తే మనిషి పలకడానికి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలిసిందే.

చీటీలో ఓ భాగం

అన్ని సరుకులూ కింద కొట్లోనే కొనమంటే ఎవరూ వినరు. డిస్కౌంట్లున్న చోట కొనుక్కోవడం తప్పూ కాదు. నెలాఖరున పది రూపాయలు మిగిలినా ఇల్లు నడిపేవాళ్లకు లెక్కే. అయితే నెల చీటీలో పప్పులు, చింతపండు, మిర్చి, బెల్లం లాంటి నాలుగైదు వస్తువులు కింద కొట్టుకు వదిలేస్తే చాలు, ఆ షట్టరు రేపు కూడా లేస్తుంది. అదేం దానం కాదు. తాళం చెవికి, పార్శిళ్లకు, స్టూలు మీద కూర్చోబెట్టుకున్న పిల్లాడికి ఎవరూ కట్టని అద్దె అది.

చాలా కొట్లలో ఇప్పటికీ ఓ బోర్డు కనిపిస్తుంది... ‘ఈరోజు నగదు, రేపు అరువు’ అని. దాని కిందే సేటు ఖాతా పుస్తకం తెరిచి ఫ్లాట్ నంబరు వేసి పద్దు రాస్తుంటాడు. ఇంగువ అరువు తెచ్చిన పిల్లాడి బాకీ అందులోనే ఉంది. రేపు డాడీ ఆఫీసుకెళ్తూ తీర్చేస్తారు. తీర్చాలంటే రేపు ఆ కొట్టు తెరిచి ఉండాలి కదా!